జవాబు తెమ్మన్న మాస్టారు

మార్చి 8, గురువారం
ఇంటినుంచి

చిరంజీవి పేచీకి,

బాబాయి ఆశీస్సులు. పిన్ని ఆశీస్సులు కూడా ఇందులోనే కలిపి పంపుతున్నాను. ఇక్కడ మేము కులాసా. పిన్ని మోకాలి నొప్పి తగ్గింది, దాని గురించి చెప్పడం మాత్రం తగ్గలేదు. నీ ఉత్తరం మొన్న సోమవారం అందింది. ఫోను చేయకుండా నేనూ ఉత్తరమే ఎందుకు రాస్తున్నానంటే, ఫోనులో రెండో మాటకే నువ్వు అడ్డం తిరుగుతావు. మీ నాన్న ఆ ముద్దుపేరు ఊరికే పెట్టలేదు. కాగితంతో పేచీ పెట్టుకోలేవు కాబట్టి చివరిదాకా చదువుతావని నా ధైర్యం.

నువ్వు రెండు సంగతులు రాశావు. మీ మాస్టారి సన్మాన సంచికకు నేనొక వ్యాసం ఇవ్వాలన్నది మొదటిది. ఆయన నాటకాల నుంచి టెలివిజన్‌కు, అక్కడినుంచి స్క్రీన్‌ప్లే పాఠాలకు ఎలా వచ్చారో అంతా వివరంగా రావాలన్నావు. రెండోది సంతకానికి పైన ఇరికించావు. కొత్త సీరియల్‌కు నిన్ను ప్రధాన రచయితగా తీసుకుంటారట. దానికి ఒకటే షరతట. ఈ ఆదివారం ఇంటికి వెళ్ళి మీ అమ్మతో ఒక మాట అనాలి, ఆమె జవాబు తెచ్చి సోమవారం ఆయనకు ఇవ్వాలి. ఆ మాటేమిటో కూడా రాశావు. "అమ్మా, నాకంతా తెలిసిపోయింది." అనేసి నోరు మూసుకోవాలి, అంతే. మనింట్లో దాచడానికి ఏముంది బాబాయ్, ఏం తెలిసిందే నీ మొహం అంటుంది అమ్మ, దాన్ని ఆయన ఎక్కడ వాడుకుంటారో ఏమో అని నవ్వుతూ ముగించావు.

ఆ మాట అనవద్దని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వ్యాసం కోసం తిరిగినప్పుడు తెలిసినవి కింద రాశాను. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు. మరొకరిని అడిగి సరిచూసుకోలేని వాటిని వదిలేశాను.

ముందు నాటకాలు. మీ మాస్టారు రచయితగా మొదలుపెట్టలేదు. ఒక నాటక సమాజంలో తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాట అందించే ప్రాంప్టరు ఆయన. ఎవరి పెదవి ఎక్కడ తడబడుతుందో ఆయనకు ముందే తెలిసిపోయేదని ఆ సమాజంలో నాయిక వేషాలు వేసిన ఆవిడ చెప్పింది. ఆమె ఇప్పుడు కూతురింటి వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని నాటకాలకు దుస్తులు కుడుతోంది. నేను వెళ్ళేసరికి ఒక పోలీసు చొక్కాకు గుండీలు వేస్తోంది. ఈ పోలీసు రెండో అంకంలో చస్తాడు కాబట్టి గుండీలు గట్టిగా వేయక్కర్లేదని నవ్వింది. మీ మాస్టారి పేరెత్తగానే సూది పక్కన పెట్టింది.

పెళ్ళయిన ఏడాదిలోపే ఆయన సొంత నాటకం రాశారు. మొగుడూ పెళ్ళాం, కారే కుళాయి, అంతే కథ. జనం పడీపడీ నవ్వారట. మా కిటికీ కింద నిలబడి విన్నాడా ఏంటి ఈ మనిషి అన్నారట. ఆయన విన్నది తన ఇంట్లోనే. పొద్దున్నే నాటకంలోని మొగుడి మాట ఒకటి భార్యతో అనేవాడు. అది నాటకంలో మాటని ఆమెకు తెలీదు. ఆమె విసుక్కుంటూ ఏమంటే అదే సాయంత్రం రిహార్సల్‌లో పెళ్ళాం డైలాగు. మొదటి ప్రదర్శన రోజు మూడో వరుసలో కూర్చున్నాక గానీ ఆమెకు సంగతి తెలియలేదు. అప్పుడు నవ్వేసింది. చప్పట్లు కూడా కొట్టింది.

రెండో నాటకానికి ముందు వాళ్ళకు ఏడో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో ఆయన ఆమెతో ఒక మాటన్నాడు. ఆమె ఒక జవాబు చెప్పింది. అదేమిటో నాయిక నాతో అనలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ప్రదర్శన రోజు జరిగింది మాత్రం చెప్పింది. "నేను ఆ డైలాగు అంటుంటే మూడో వరుసలో ఆవిడ పెదాలు నాతోపాటే కదిలాయి నాయనా. ఒక్క అక్షరం తప్పలేదు. హాలంతా చప్పట్లు. ఆ వేషం నేను మళ్ళీ కట్టలేదు."

అదే సమాజంలో లైట్లు వేసిన ఆయన్ని అడిగాను. ఆయనా అదే చెప్పాడు.

తర్వాత టెలివిజన్. నాటకానికి ఏడాదికో కథ చాలు. సీరియల్ వారానికి ఐదు రోజులు నోరు తెరుస్తుంది, రోజూ అందులో ఏదో ఒకటి వేయాలి. అప్పటికి ఇంట్లో బావి ఎండిపోయింది. భార్య ఊఁ, ఉంది, లేదు, సరే తప్ప మరో మాట మాట్లాడటం మానేసింది. అందుకని మీ మాస్టారు సహాయకుల్ని పెట్టుకున్నారు. పొద్దున తలా ఒక డైలాగు ఇచ్చి పంపేవారు. వాళ్ళు తమ ఇళ్ళలో అది అనేసి, సాయంత్రానికి జవాబుతో రావాలి. సీరియల్ ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉంది. మాటలు అచ్చం మా ఇంట్లో మాటల్లా ఉన్నాయని జనం ఉత్తరాలు రాశారు. జనం చెప్పింది అక్షరాలా నిజం.

ఆ సహాయకుల్లో పెద్దవాడు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉన్నాడు. అందరూ కామా అంటారు. వాక్యానికి ముగింపు పెట్టడం చేతకాదని మాస్టారే పెట్టిన పేరట. మాట్లాడేటప్పుడూ అంతే, ఎక్కడా ఆగడు. తండ్రి సంగతి దగ్గర మాత్రం ఆగాడు.

కామాకు తల్లి లేదు. తండ్రి ఒక ఆఫీసులో గుమాస్తా. ఒకరోజు మాస్టారు అతనికి ఇచ్చిన మాట నీకిచ్చిందే. "నాన్నా, నాకంతా తెలిసిపోయింది." కామా ఇంటికి వెళ్ళి అనేశాడు. తండ్రి చేతిలో గొడుగు ఉంది. దాన్ని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. తర్వాత కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. తను పదో తరగతి పాసవలేదని, జ్వరంతో పోయిన అన్న పేరు పెట్టుకుని, అన్న చదువు చూపించి ఉద్యోగంలో చేరానని, ముప్పై ఏళ్ళుగా ఎవరు అన్న పేరుతో పిలిచినా పలుకుతున్నానని. కామా అడిగింది ఇది కాదు. అతను అసలేమీ అడగలేదు. సాయంత్రం వెళ్ళి మాస్టారికి చెప్పాడు. గొడుగు సంగతి చెప్పినప్పుడు మాస్టారు లేచి భుజం తట్టారట. జవాబు ఎవడైనా రాస్తాడురా, ఈ గొడుగు ఎవడు రాస్తాడు అన్నారట.

ఆ భాగం ప్రసారమైనప్పుడు తండ్రి క్షౌరశాలలో కూర్చుని ఉన్నాడు. గోడమీద టీవీ. తెరమీద ఒక గుమాస్తా గొడుగు తెరిచి మూశాడు. కామా తండ్రి సగం గడ్డంతో, మెడచుట్టూ కట్టిన గుడ్డతో లేచి ఇంటికి నడిచి వచ్చాడు. తండ్రీకొడుకులు ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారు. మాటల్లేవు. తండ్రి పక్క గదిలో ఉన్నాడు, నేను చూశాను. నన్ను చూసి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మరి ఆయన దగ్గరే ఎందుకు ఉన్నావయ్యా అని కామాను అడిగాను. "ఇంకెక్కడికి పోను సార్? బయట ఎవరితో మాట్లాడినా వాళ్ళ చేతులే చూస్తున్నాను."

పాఠాల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. టైర్ల దుకాణం మీద రెండు గదులు, గుండ్రంగా వేసిన కుర్చీలు, మధ్యలో ఖాళీ. నువ్వు సెలవు పెట్టిన రోజున నేను వచ్చి వెనక కూర్చున్నాను. మీ మాస్టారు మర్యాదస్తుడు. కిటికీ నుంచి ఎండ పడుతోందని నా కుర్చీని స్వయంగా జరిపారు. గొంతు ఎత్తరు. తప్పు రాసిన పిల్లల్ని ఎగతాళి చేయరు. ఒక పిల్లవాడు వాళ్ళ పెద్దమ్మ జవాబు చదివి వినిపించాడు. అందరూ రాసుకున్నారు. ఆమె ఇప్పుడెలా ఉంది అని ఒక్కరూ అడగలేదు. ఆమె చేతులు ఏం చేశాయని ముగ్గురు అడిగారు. అందులో నీ స్నేహితురాలు, పొట్టి జుట్టు అమ్మాయి, ఒకతి.

పాఠం అయ్యాక నా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పారు. ఇలా ఇళ్ళలోకి నిప్పు పంపడం తప్పు కాదా అని అడిగాను. కోపగించుకోలేదు. "ప్రతి ఇంట్లో ఒక సన్నివేశం ఎప్పుడో సిద్ధమై ఉంటుందండీ. మొదటి డైలాగు ఎవరూ అనరు, అంతే. మేం అంటాం." మనిషి నిజంగానే అలా నమ్ముతున్నాడు. విలేఖరిగా అబద్ధమాడేవాళ్ళను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, వాళ్ళతో ఎలాగోలా వేగుతాను. ఈయన ఆ రకం కాదు.

టీకి ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య శాలువా కప్పుకుని ఉంది. ఎండాకాలం మొదలైంది, ఫ్యాను తిరుగుతోంది, అయినా శాలువా. కప్పు నా ముందు పెట్టి వెంటనే చేతులు లోపలికి లాక్కుంది. చక్కెర సరిపోయిందా అని ఆయన అడిగితే ఊఁ అంది. ఆయన ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళాక నా వైపు తిరిగింది. ఆ అమ్మాయి మీ అన్నగారి కూతురేనా అని అడిగింది. అవునన్నాను. ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు కదూ అంది. అదీ అవునన్నాను.

"ఆయన అలాంటి పిల్లల్నే ఏరుకుంటారండీ. ఇంట్లో పెద్దదిక్కు ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని సర్దుకుంటారు. ఒక్కరే అయితే జవాబు ఎటూ పోదు."

బయట చెప్పుల చప్పుడు కాగానే ఆవిడ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట సరిచూసుకున్నాను. నీకు ముందు ప్రధాన రచయితలైనవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ తల్లి ఒక్కతే గానీ తండ్రి ఒక్కడే గానీ పెంచినవాళ్ళు. మొదటివాడు కామా, అతని సంగతి పైన చెప్పాను. రెండో ఆమె రచన మానేసింది. ఆమె చేసిన భాగం ప్రసారమైన నెలలో తల్లి ఇల్లు విడిచి వెళ్ళింది, ఎక్కడుందో తెలియదు. నేను తలుపు కొడితే నాలుగు వేళ్ళ సందు తెరిచి, మీరు ఏం చెప్పినా నేను మాట్లాడను అని వేసేసింది. మూడో అతను బాగున్నాడు. కారు ఉంది, అవార్డు ఉంది. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగితే సీరియల్‌లో తల్లి పాత్ర ఏమైందో చెప్పాడు. మీ అమ్మగారు బాబూ అని మళ్ళీ అడిగాను. మళ్ళీ ఆ పాత్ర సంగతే చెప్పాడు.

నేను సెలవు తీసుకుని లేచినప్పుడు మీ మాస్టారు గుమ్మందాకా వచ్చారు. మీ అన్నగారి విషయం నాకంతా తెలిసిందిలెండి అన్నారు, చాలా మామూలుగా. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఎత్తు మా విలేఖరులది. మాకు అన్నీ తెలుసు, మీ నోటితో ఒక్క మాట చెబితే వేసుకుంటాం అని ఎంతమంది ఆఫీసర్లను పడగొట్టలేదు నేను. దొంగకు దొంగ చేతివాటం తెలియదా.

ఇవీ నాకు దొరికిన వివరాలు. సన్మాన సంచికకు ఇవి పనికిరావు కాబట్టి వ్యాసం రాయడం లేదు. నీకు ఆ ఉద్యోగం ఎంత ముఖ్యమో నాకు తెలుసు. మూడేళ్ళు ఆ హాస్టల్ గదిలో కూర్చుని రాసినవన్నీ నాకు పంపావు, నేను చదివాను. నీకు రాయడం వచ్చు. మీ అమ్మను పిండకుండానే వచ్చు. ఆదివారం ఇంటికి వెళ్ళు, నిద్రపో, తిను, పేచీ పెట్టు. ఆ ఒక్క మాట మాత్రం అనకు. అంటే మీ అమ్మ జవాబు చెబుతుంది. ఆ జవాబు ఆమె నీకు చెబుతున్నాననే అనుకుంటుంది. పేచీ, అది చూసి నేను తట్టుకోలేను.

నీ మేలు కోరే
బాబాయి

తా.క. శుక్రవారం.

నిన్న దీన్ని మడిచి కవరులో పెట్టాను గానీ అంటించలేదు. పైన ఒక అబద్ధం ఉంది. చెరిపి తిరగరాయవచ్చు, చెరపను. గుమ్మం దగ్గర నేను నవ్వి ఊరుకోలేదు. జవాబు చెప్పాను.

మీ నాన్న సంగతి నీకే ఎలాగో తెలిసి నువ్వే ఆయనకు చెప్పావనుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఆ ఎత్తు ఇతరుల మీద వేశానే గానీ నామీద ఎవరూ వేయలేదు. నోటినుంచి వచ్చింది ఒకే ఒక్క వాక్యం. ఆపమన్నది వదినే గానీ, డాక్టర్లు ఆశ లేదన్నాకే అన్నదండీ అన్నాను. ఆయన తల దించి నా చేతులు చూశారు. అప్పుడు నేనూ చూసుకున్నాను. పెన్ను మూత పీకుతున్నాను, పెడుతున్నాను.

ఈ ఉదయం కామా ఫోను చేశాడు. కొత్త సీరియల్‌కు సెట్టు వేయడం మొదలైందట. ఒక ఆసుపత్రి గది, పక్కన వరండా, వరండాలో బెంచీ. బెంచీ మీద కూర్చోవడానికి ఆరేళ్ళ పిల్ల కోసం వెతుకుతున్నారట. మీకు తెలియాలనిపించింది సార్ అని పెట్టేశాడు. అంటే కథ ఆయనకు చేరింది. నిన్ను పంపుతున్నది జవాబు కోసం కాదు. మీ అమ్మ చేతుల కోసం.

వెంటనే మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తోంది. అంతా చెప్పాను, నేను నోరు జారిన సంగతితో సహా. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంత మాత్రం అంది. "నువ్వే రాసెయ్. దాని మొహం చూస్తూ నేను చెప్పలేను, నా మొహం చూస్తూ అది వినక్కర్లేదు. ఏమీ తగ్గించకు."

తగ్గించకుండా రాస్తున్నాను. మీ నాన్న నిద్రలో పోయాడని నీకు చెప్పాం. ప్రమాదం తర్వాత ఆయన మెదడు పని చేయడం ఆగిపోయింది, ఊపిరి యంత్రం వల్లే ఆడుతోంది. ఉంచమంటారా, తీసేయమంటారా అని డాక్టర్లు అడిగారు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. మీ అమ్మ తీసేయమంది. ఆ మాట ఆమె ఒక్కతే అంది. అప్పుడు నువ్వు బయట బెంచీ మీద నర్సు ఇచ్చిన బిస్కెట్లు తింటున్నావు. మర్నాడు నువ్వు, నాన్నను ఇంకొక్క రోజు పడుకోనిస్తే లేచేవాడు కదమ్మా అన్నావు. ఆ తర్వాత ఆమె నీకు ఎలా చెబుతుంది? లేచేవాడు కాదు పేచీ. ఇంకో ఇద్దరు డాక్టర్లను అడిగాను. వాళ్ళూ అదే చెప్పారు.

ఇంతవరకు రాసి, రేపటికల్లా నీకు అందేలా కొరియరుకు ఇద్దామని కవరు అంటించబోతుంటే ఫోను మోగింది. మీ మాస్టారు. వ్యాసానికి తొందరేమీ లేదన్నారు. పిన్ని మోకాలు ఎలా ఉందని అడిగారు. పెట్టేసే ముందు, మీ అమ్మాయికి రాస్తున్న ఉత్తరం పూర్తయిందా అండీ అన్నారు.

ఉత్తరం రాస్తున్నట్టు నేను పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పిన్ని ఎవరికీ చెప్పలేదంటోంది. చెప్పి ఉండదు. నేను రాస్తానని ఆయనకు ముందే తెలుసు, అంతే. సోమవారం మీ అమ్మ జవాబుకు బదులు నీ సంచీలో ఈ కాగితాలు ఉంటాయని కూడా ఆయన లెక్క వేసుకునే ఉంటారు.

చదివాక కాల్చెయ్. ముక్కలు చేసి బుట్టలో వేయకు, కాల్చెయ్. దుకాణంలో నేను చెబుతున్నంతసేపూ మీ అమ్మ చేతులు ఏం చేశాయో చూశాను. అది ఇందులో ఎక్కడా రాయలేదు, రాయను.